పాట మీద ప్రేమా, ప్లేటు మీద మోజూ

సంగీతం మీద ఉండే అభిమానం వేరు, సంగీతాన్ని వినిపించే యంత్రం మీద ఉండే అభిమానం వేరు అని ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ రెండిటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే పేచీ వస్తుంది. యంత్రమే లేకపోతే గడచిన నూట పాతికేళ్ళ సంగీతంలో మనకు మిగిలేది ఎంత? ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1964లో పోయారు. నా యీడువాళ్ళం ఆయన ఫిడేలు విన్నామంటే అది యంత్రం పెట్టిన భిక్షే. అంచేత యంత్రాన్ని చిన్నచూపు చూసే శుష్కవేదాంతం నాకు లేదు. కాని యంత్రమే ధ్యేయమై, పాట దాన్ని పరీక్షించే సామగ్రిగా దిగజారే స్థితి ఒకటుంది. అది కొద్దిమంది డబ్బున్నవాళ్ళ సరదా అని తోసిపుచ్చడానికి వీల్లేదు. మనిషి తన చెవిని తానే నమ్మలేకపోవడం అందులో ఉంది. ఇంకొకరి చెవిని అవమానించడం కూడా ఉంది.

వినైల్ ప్లేట్లు మళ్ళీ బజారులోకి వచ్చాయని పాఠకులకు తెలిసే ఉంటుంది. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చాక వాటి పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. తీరా చూస్తే అమెరికాలో 2020లో ప్లేట్ల అమ్మకాల రాబడి డిస్కుల రాబడిని మించిపోయింది. 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2022లో సంఖ్యలో కూడా ప్లేట్లే ఎక్కువ అమ్ముడుపోయాయి. ఇందులో ఒక వింత ఉంది. ప్లేట్లు కొన్నవాళ్ళలో సగంమందికి మాత్రమే ఇంట్లో ప్లేయరు ఉందని లూమినేట్ అనే సంస్థ 2023లో లెక్క తేల్చింది. మిగిలిన సగం ఆ ప్లేట్లను చూసుకుంటారు కాబోలు. దీనికి సరిగ్గా ఎదురుకొసన ఇంకో జాతి మనుషులున్నారు. వాళ్ళ దగ్గర లక్షలు పోసి కొన్న యంత్రం ఉంటుంది, దానికి తగ్గవని వాళ్ళు ఒప్పుకునే ప్లేట్లు పదో పదిహేనో ఉంటాయి.

ఈ రెండో జాతికి చెందిన మిత్రుడొకరు నాకు హైదరాబాదులో ఉన్నారు. ఇంజనీరు, మంచివాడు, ఆతిథ్యానికి లోటు చెయ్యడు. రెండేళ్ళ కిందట వాళ్ళింటికి వెళితే, యంత్రం కోసం ప్రత్యేకంగా తయారుచేయించిన గదిలోకి తీసుకుపోయారు. గోడలకు మెత్తలు, కిటికీలకు బరువైన పరదాలు. గదిలో కుర్చీ ఒక్కటే. నన్ను అందులో కూచోబెట్టి ఆయన నిలబడ్డారు. రెండు స్పీకర్లూ, వినేవాడి తలా కలిసి త్రిభుజం కావాలిట. కుర్చీ ఒక అడుగు పక్కకు జరిగినా వాద్యాలు వాటి వాటి చోట్ల వినిపించవుట. ముల్లు కింద పెట్టారు. అరనిమిషం కాలేదు, "తాళాల చప్పుడు చూశారా మేష్టారూ, ఎడమ పక్క, కొంచెం వెనగ్గా!" అన్నారు. చూశానన్నాను. ముల్లెత్తి ఇంకో ప్లేటు వేశారు. అందులో బాసు వినాలి. ఆ తర్వాత ప్లేటులో గాయని ఊపిరి తీసుకోవడం వినాలి. రెండు గంటల్లో మేము ఒక్క పాటా చివరిదాకా వినలేదు.

మధ్యలో వంటింట్లోంచి ఘంటసాల పాట వినిపించింది. ఆయన తల్లిగారు ఫోనులో పెట్టుకుని, దానితోపాటు తాను కూడా కూనిరాగం తీస్తున్నారు. మిత్రుడు వెళ్ళి తలుపు మూసి వచ్చారు. "అమ్మ వినేది పాట కాదండీ, పాటకి జిరాక్సు" అన్నారు నవ్వుతూ. నేనేదో అనబోతే ఆయనే మళ్ళీ అందుకున్నారు: "మీరు తెలుగు చెప్పేవారు గదా, అక్షరాలు ఎగిరిపోయిన పుస్తకంలో పద్యం చదవమంటే చదువుతారా? గణం తప్పిందో అచ్చుతప్పో తెలియక విసుగు పుట్టదూ? నాదీ అదే విసుగు."

ఈ ప్రశ్న తీసిపారేయదగింది కాదు. అలంకారశాస్త్రం పేరెత్తితే మన పాఠకుల్లో కొందరు నొసలు చిట్లిస్తారని తెలుసు. అయినా ఇక్కడ అది పనికొస్తుంది గనక చెబుతాను. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ, రసానుభవానికి అడ్డుతగిలే విఘ్నాలు ఏడు చెప్పాడు. అందులో ఒకటి ప్రతీత్యుపాయవైకల్యం, అంటే గ్రహించే సాధనంలో లోపం. మా మిత్రుడికి ఈ సంగతి తెలిస్తే అభినవగుప్తుడి పటం కట్టించి స్పీకర్ల మధ్య తగిలించుకునేవారు. కాని అదే జాబితాలో ఇంకో విఘ్నం కూడా ఉంది. దాని పేరు అప్రధానత. ప్రధానం కానిదాన్ని ముందుకు తెచ్చి నిలబెడితే మనసు దానిమీద నిలవదు. అది దేనికోసం ఉందో ఆ వైపుకే మనసు పరుగెత్తుతుంది. నాటకంలో దీపాలు సరిగా లేకపోతే మొదటి విఘ్నం. నాటకం మానేసి దీపాలకేసి చూస్తూ కూచుంటే రెండో విఘ్నం.

యంత్రాల మోజులో పడ్డవాళ్ళకు తృప్తి ఎందుకుండదో నాకు దీనివల్లనే అర్థమయింది. ఒక కార్ట్రిజ్ మార్చి ఇంకొకటి, దానికి సరిపడే యాంప్లిఫయర్, దానికి సరిపడే తీగలు. దురాశ అని తిట్టడం సులభం. అసలు కారణం, విశ్రాంతి దొరకని చోట మనసును కూచోబెట్టడానికి వాళ్ళు ప్రయత్నిస్తున్నారు. సాధనం ఎప్పుడూ తనకు అవతల ఉన్నదాన్ని చూపిస్తుంది. అవతలికి చూడకుండా దాన్నే చూస్తే అది అసంపూర్ణంగానే కనిపిస్తుంది, ఎంత ఖరీదు పెట్టినా సరే.

సాధనం గురించి పట్టించుకోవడమే తప్పయితే చాలా మంచివాళ్ళు కూడా తప్పుచేసినవాళ్ళవుతారు. 78 చుట్ల ప్లేట్లు అంటాం గాని, తొలినాటి ప్లేట్లన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్లకు తయారైనవి కావు. ఒకటి కొంచెం తక్కువ, ఇంకొకటి కొంచెం ఎక్కువ. తప్పు వేగంతో తిప్పితే కాలప్రమాణం ఒక్కటే చెడదు, శ్రుతి కూడా మారిపోతుంది. గాయకుడు పాడనే పాడని శ్రుతిని మనం ఆయన నెత్తిన రుద్దుతాం. ఆ ప్లేట్ల గాడి వెడల్పు. ఎల్‌పీ కోసం చేసిన సన్నని ముల్లు అందులో అడుగుకంటా దిగిపోయి దుమ్మునూ గీతలనూ ఏరుకొస్తుంది. ఇవన్నీ తెలిసి, సరైన ముల్లు వెతికి, సరైన వేగం కట్టి పాత పాటల్ని బతికించిన ఔత్సాహికులు దేశంలో ఎందరో ఉన్నారు. ముంబైలో 1990లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ ఆ కోవకు చెందినదే. వాళ్ళ తాపత్రయం కూడా యంత్రం గురించే. అయితే వాళ్ళు పాట కోసం యంత్రాన్ని సర్దుతారు. మా మిత్రుడు యంత్రం సరిగా ఉందో లేదో చూడటానికి పాటను పిలుస్తారు. రెండు చేతులూ ఒకే మీట తిప్పుతున్నా, చూపు ఒకే వైపు లేదు.

ఇక్కడ ఒక వాదం వస్తుంది. "కళాకారుడు ఎలా పాడాడో సరిగ్గా అలాగే వినాలన్నదే మా కోరిక, అది కళాకారుడికి గౌరవం కాదా?" అంటారు. మాట బాగానే ఉంది. కాని ఆ "సరిగ్గా అలాగే" అన్నది ఎక్కడుంది? 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్‌జాన్ చేత పాడించినప్పుడు ఆమె ఒక కొమ్ములోకి గొంతెత్తి పాడింది. గంటసేపు పాడదగిన రాగాన్ని మూడు నిమిషాల్లోకి కుదించింది. చివర తన పేరు తానే అరచి చెప్పింది. అది కచేరీలో ఆమె పాడే పాటకు నకలు కాదు, యంత్రం ఎదుట యంత్రం కోసం కట్టిన కొత్త పాట. ఆ మూడు నిమిషాల కొలతకు మన నాటక పద్యాలూ ఒదిగాయి, కీర్తనలూ ఒదిగాయి. తర్వాత వచ్చిన ఎల్‌పీలో కూడా ఉన్నదున్నట్టు ఎక్కించేది ఏమీ లేదు. గాడి మరీ వెడల్పు కాకుండా ఉండటానికి మంద్రస్వరాల్ని తగ్గించి కోస్తారు, వినిపించేటప్పుడు యాంప్లిఫయర్ వాటిని అంతకంతా పెంచుతుంది. 1954 నుంచి కంపెనీలన్నీ క్రమంగా ఒప్పుకున్న కొలత అది. అంటే ఆ గాడిలో ఉన్నది యథాతథమైన నాదం కాదు, మనుషులు కుదుర్చుకున్న ఒక ఒడంబడిక. ఇందులో తప్పేమీ లేదు. అచ్చు కూడా ఒడంబడికే, లిపీ ఒడంబడికే. కాని ఒడంబడికను పట్టుకుని దైవదత్తం అనడం మాత్రం మనకు బాగా పరిచయమైన జబ్బు.

ఆ జబ్బు ఎంతదాకా ముదురుతుందో 2022లో అమెరికాలో బయటపడింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ పాత ఆల్బమ్‌లను చాలా శ్రద్ధగా, చాలా ఖరీదుగా మళ్ళీ ప్లేట్లుగా అచ్చువేస్తుంది. అసలు టేపునుంచి ప్లేటుదాకా ఎక్కడా డిజిటల్ అన్న మాట అంటకుండా తయారుచేస్తారని కొనేవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని కంపెనీ చెదరగొట్టలేదు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను 40,000 ప్రతులు వేస్తామని ప్రకటించడంతో, ఒక్క టేపునుంచి అన్ని ఎలా సాధ్యమని కొందరికి అనుమానం వచ్చింది. ఫీనిక్స్ నగరంలోని ఒక ప్లేట్ల దుకాణందారు ఆ సంగతి బయటపెట్టాడు. కంపెనీ ఇంజనీర్లు ఒప్పుకున్నారు: సుమారు పదేళ్ళుగా చాలా ప్లేట్లకు మధ్యలో డిజిటల్ మెట్టు ఒకటుంది. కొన్నవాళ్ళు కోర్టుకెక్కారు, కంపెనీ రాజీకి దిగింది.

చెప్పకుండా అమ్మడం మోసం, దాని మీద దావా వెయ్యడం న్యాయం. అది వేరే సంగతి. నన్ను ఆలోచింపజేసింది ఆ పదేళ్ళు. డిజిటల్ శబ్దం చెవికి గుచ్చుకుంటుందని, ఒక్క క్షణంలో పట్టేస్తామని చెప్పే చెవులు ఆ పదేళ్ళూ ఆ ప్లేట్లనే ఎత్తుకుని మెచ్చుకున్నాయి. నిజం తెలిసిన మర్నాడు అవే ప్లేట్లు కొందరికి చేదయ్యాయి. గాడి మారలేదు, ముల్లు మారలేదు, చెవిలో పడే నాదం ఇసుమంత మారలేదు. మరి ఏం మారింది? వంశం మారింది. నిన్నటిదాకా చేతిలో నీళ్ళు తియ్యగా తాగి, పోసినవాడి కులం తెలియగానే కక్కేవాణ్ణి మనం ఎరుగుదుం. ఇదీ ఆ మడే. మడి కట్టుకున్నవాడికి అన్నం రుచి అక్కర్లేదు, ఎవరు ముట్టుకున్నారన్నదే కావాలి. అంటే వాళ్ళు ప్రేమించింది సంగీతాన్ని కాదు సరే, చివరికి శబ్దాన్ని కూడా కాదు.

సరుకు తనను తయారుచేసిన మనుషుల్ని దాచి, తనకే ఏదో మహిమ ఉన్నట్టు కనిపిస్తుందని మార్క్సు 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటంలో వివరించాడు. ప్లేటు దీనికి చక్కని ఉదాహరణ. వినైల్ రాకముందు ప్లేట్లు లక్కతో చేసేవారు. ఆ లక్క ప్రపంచానికంతా ముఖ్యంగా మన దేశంనుంచే పోయేది. ఛోటా నాగపూర్ అడవుల్లో చెట్ల కొమ్మలు గీకి దాన్ని పోగుచేసినవాళ్ళ పేరు ఏ లేబుల్ మీదా లేదు. లేబుల్ మీద ఉన్నది కుక్క. ఆ కుక్క కథ కూడా వినదగింది. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు మొదట గీసిన బొమ్మలో కుక్క ముందున్నది ఎడిసన్ తరహా సిలిండరు యంత్రం. 1899లో గ్రామఫోను కంపెనీ బొమ్మ కొంటూ, ఆ యంత్రాన్ని చెరిపి తన యంత్రాన్ని గీయించుకుంది. కుక్క మాత్రం అదే. దానికి యంత్రం ఏదైనా ఒకటే, యజమాని గొంతు వినిపించాలి. ఈ విషయంలో కొందరు మనుషులకంటె అది నయం.

1938లో జర్మన్ తాత్వికుడు అడార్నో సంగీతం సరుకు కావడం గురించి రాస్తూ రేడియో పిచ్చివాళ్ళను ప్రస్తావించాడు. ఏం వినిపించిందన్నది వాళ్ళకు పట్టదు, తమ సొంత యంత్రం దాన్ని అందుకుందన్నదే వాళ్ళ ఆనందం అని గమనించాడు. ఈ గమనిక ఇవాళ్టికీ చురుగ్గా ఉంది. కాని అడార్నోతో నాకు పేచీ కూడా ఉంది. ఆయన అక్కడితో ఆగడు. పనిచేసుకుంటూ కూనిరాగం తీసేవాళ్ళను కూడా చెవి చెడిపోయినవాళ్ళ కింద జమకడతాడు. ఆయన లెక్కలో మా మిత్రుడూ, వంటింట్లో ఆయన తల్లిగారూ ఒకే గాటన పడతారు. నేను ఒప్పుకోను. ఆవిడ ఆ పాటతో ఏదో చేస్తున్నారు. అనుపల్లవి రాకముందే తాను అందుకుంటున్నారు, ఒకచోట ఘంటసాలను దాటి తన సంగతి ఒకటి వేసుకున్నారు కూడా. ఆ గదిలో రెండు గంటలు కూచున్న మేమిద్దరం అలాంటిదేమీ చెయ్యలేదు.

యంత్రం మోజు మధ్యతరగతిని ఇంతగా ఎందుకు పట్టుకుంటుంది? నాకు తోచిన కారణం చెబుతాను. పుట్టుకతో వచ్చే చెవి వేరు, సంగీతం వినగల చెవి వేరని, రెండోదాన్ని చరిత్రా సమాజమూ తయారుచేస్తాయని 1844 నాటి రాతప్రతుల్లో యువకుడైన మార్క్సు వాదించాడు. ఆ చెవి తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఖరహరప్రియ ఎక్కడ కాపీ ఛాయకు దగ్గరవుతుందో తెలియడానికి ఎన్నో కచేరీలు వినాలి, తెలిసినవాళ్ళ ముందు తెలియనివాడిగా కూచోవాలి. అందులో ఎంత దూరం వచ్చామో కొలిచే అంకెలు లేవు. కార్ట్రిజ్ అలా కాదు. ఇవాళ డబ్బు కడితే రేపు ఇంటికి వస్తుంది, నిన్నటిదానికంటె మేలని కాగితం మీద అంకెలతో రాసి వస్తుంది. సంగీతం ముందు మనం విద్యార్థులం, యంత్రం ముందు యజమానులం. ఉద్యోగంలో పైఅధికారి ముందు, బజారులో అప్పుల ముందు రోజంతా చిన్నబోయినవాడు సాయంత్రం ఇంట్లో యజమాని కావాలనుకోవడం నాకు అర్థం కాని సంగతి కాదు. మా మిత్రుడి మీద నాకు కోపం లేకపోవడానికి అదే కారణం. కాని ఆ యజమానితనం అక్కడ ఆగదు. "నువ్వు విన్నది వినడమే కాదు" అని పక్కవాడితో అంటుంది.

ఈ మాట ఎంత దూరం పోతుందో నేను తరగతిలో చూశాను. పోయినేడు రెండో సంవత్సరం విద్యార్థులకు ద్వారంవారి ఫిడేలు విని రమ్మని చెప్పాను. మర్నాడు ఒక కుర్రవాడు, వ్యవసాయ కూలీల ఇంటినుంచి వచ్చినవాడు, నోరు విప్పలేదు. అడిగితే, "నేను సరిగ్గా వినలేదు సార్, నాది పాత ఫోను, స్పీకరు చిరిగింది" అన్నాడు. పోనీ విన్నది చెప్పమన్నాను. ఒకచోట కమాను ఆగినట్టే ఆగి, స్వరం మాత్రం తెగకుండా ఇంకా సాగుతుందని, అది తనకు మూడుసార్లు వినిపించిందని చెప్పాడు. మంచి ఫోన్లున్నవాళ్ళెవరూ అది చెప్పలేదు. చిరిగిన స్పీకరువల్ల అతనికి వినపడకుండా పోయింది చాలా ఉండే ఉంటుంది. కాని విననివాడిలా సిగ్గుపడాలని అతనికి నేర్పింది స్పీకరు కాదు.

అలాగని బీదవాడి చిరిగిన స్పీకరును పూజించమనడం నా ఉద్దేశం కాదు. మనలో కొందరికి ఆ జబ్బు ఉంది. గద్దర్ పాటల కాసెట్లు నకలుకు నకలుగా ఊళ్ళు తిరిగిన రోజుల్లో, పాటకంటె బుసబుస ఎక్కువ వినిపించేది. రీలు జారితే మా నాన్న పెన్సిలు దూర్చి తిప్పేవారు. ఆ పాట ఆ బుసలోంచి కూడా మనిషిని పట్టుకుందనేది నిజం. ఆ బుసవల్ల పట్టుకుందనడం మాత్రం అబద్ధం. గజ్జె చప్పుడూ డప్పు దెబ్బా స్పష్టంగా వినిపిస్తే ఇంకా బాగా పట్టుకునేది. మంచి నాదం వినే హక్కు అందరిదీ. అది కొందరి గదుల్లో ఒక్క కుర్చీకి పరిమితం కావడమే అన్యాయం.

యంత్రాన్ని ఒక్క కుర్చీనుంచి తప్పించినవాళ్ళు లేకపోలేదు. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఒక అద్దె ఇళ్ళ భవనంలో కూల్ హెర్క్ అనే నీగ్రో యువకుడు, ఆ కాలపు మాటలో కాక మన మాటలో చెప్పాలంటే నల్లజాతి యువకుడు, రెండు టర్న్‌టేబుళ్ళు పక్కపక్కన పెట్టి నాట్యానికి పనికొచ్చే దరువు ముక్కను పొడిగించాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు చేత్తో ప్లేటును వెనక్కి లాగి గీరి, ఆ గీరడంలోంచే కొత్త వాద్యాన్ని పుట్టించారు. 1972లో ఇళ్ళల్లో శ్రోతల కోసం తయారైన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అనే యంత్రం వాళ్ళ చేతుల్లో ఫిడేలంతటి వాద్యమయింది. వాళ్ళకూ యంత్రం మీద మోజే, బహుశా మా మిత్రుడికంటె ఎక్కువ మోజు. మోటారు బలం గురించీ ముల్లు బరువు గురించీ వాళ్ళకు తెలియనిది లేదు. కాని దాని చుట్టూ నిండా మనుషులున్నారు. మన దగ్గర కూడా 1950ల్లో, 60ల్లో పంచాయతీ అరుగు మీది రేడియో ఒక్కటే, వినేది ఊరంతా. అది ఏ కార్యక్రమం వినిపించాలో ప్రభుత్వమే నిర్ణయించేదన్నది నిజమే గాని, కూచోవడానికి త్రిభుజం అవసరం లేకపోయింది.

మా కళాశాలలో శనివారం సాయంత్రాలు పాటలు వినే అలవాటు ఒకటి మొదలుపెట్టాం. ఈ మధ్య పూర్వవిద్యార్థులు కొంత సొమ్మిచ్చారు. టర్న్‌టేబుల్ కొనాలని ఫిజిక్సు మేష్టారు పట్టుబడుతున్నారు. ముల్లు గాడిలో ఎలా నడుస్తుందో పిల్లలు కంటితో చూడాలని ఆయన వాదన. అది కొట్టిపారేసే వాదన కాదు. నలభైమందికి సమంగా వినిపించే స్పీకర్లు కొనాలని నేను. సొమ్ము రెండిటికీ చాలదు. ఏదీ తేలలేదు. ఈలోగా ఒక విద్యార్థిని వాళ్ళ తాతగారి 78 ప్లేట్లు అయిదు గుడ్డలో చుట్టి తెచ్చింది. వాటిని ఏ వేగంతో తిప్పాలో, ఏ ముల్లు పెట్టాలో మాలో ఎవరికీ తెలియదు. హార్మోనియం తెలిసినవాళ్ళెవరైనా వస్తే శ్రుతి కట్టి చూద్దామని వచ్చే శనివారానికి వాయిదా వేశాం.